సగం... సగంలో సగం... ఇరవై ఒక్క రోజుల లెక్క

"మైల ఎన్నాళ్లే అమ్మాయ్?"

వీడియో కాల్ ఎత్తగానే అమ్మ అడిగిన మొదటి మాట అది. భీమవరం దగ్గర మా ఊళ్లో అప్పుడు మధ్యాహ్నం భోజనాల వేళ. ఇక్కడ వెల్లింగ్టన్ పక్కనున్న లోయర్ హట్‌లో జూన్ నెల చలి, చీకటి పడిపోయింది. నేను ఇంటి చివరి గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాను. నాకు వేరే కంచం, వేరే గ్లాసు, వేరే బాత్రూమ్. నా బట్టలు విడిగా ఉతకాలి. తలుపు అవతల నాలుగేళ్ల మా చిన్నోడు "అమ్మా, తలుపు తియ్" అని ఏడుస్తున్నాడు. తీయడానికి లేదు.

ఎవరూ పోలేదు, పురుడూ కాదు. ఆ రోజు పొద్దున ఆసుపత్రిలో నేను ఒక చిన్న క్యాప్సూల్ మింగాను. అందులో ఉన్నది అయోడిన్-131. రేడియోధార్మిక పదార్థం.

రెండేళ్లుగా నాకు హైపర్‌థైరాయిడ్. గుండె దడ, చేతుల వణుకు. అన్నం బాగానే తింటున్నా బరువు తగ్గిపోవడం. ఏడాదిన్నర మాత్రలు వాడాను. ఆపగానే జబ్బు మళ్లీ తిరగబెట్టింది. అప్పుడు రేడియో అయోడిన్ చికిత్స చేద్దామన్నారు డాక్టర్లు. థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ అంటే ప్రాణం. మామూలు అయోడినా, రేడియోధార్మిక అయోడినా అన్న తేడా దానికి తెలియదు. వచ్చినదాన్ని లోపల దాచుకుంటుంది. లోపలికి చేరిన అయోడిన్-131 విడుదల చేసే బీటా కణాలు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పోవు కాబట్టి, అతిగా పనిచేస్తున్న గ్రంథి కణాలను అక్కడికక్కడే దెబ్బతీస్తాయి. దాంతోపాటు వచ్చే గామా కిరణాలు మాత్రం ఒంట్లోంచి బయటికి వస్తాయి. పిల్లలకు దూరంగా ఉండమన్నది వాటి వల్లే.

"ఇరవై ఒక్క రోజులు వాడిని ఎత్తుకోకూడదమ్మా. పక్కన పడుకోబెట్టుకోకూడదు" అన్నాను.

"పురిటి మైలకే పది రోజులు. పదకొండో రోజు తలకు పోసుకుంటే అయిపోయె. నీదేంటే ఇరవై ఒకటి? ఇరవై రెండో రోజుకి ఒంట్లోంచి మొత్తం పోతుందా?"

"పోదమ్మా."

"పోకపోతే మరి పిల్లాణ్ణి ఎలా ఎత్తుకుంటావ్?"

నా దగ్గర జవాబు లేదు. నేను బీకాం చదివాను. జమా ఖర్చులు తెలుసు కానీ అణువుల సంగతి తెలియదు. జవాబు చెప్పింది ఇయర్ 13 చదువుతున్న మా పెద్దమ్మాయి. అది ఆ ఏడాది ఎన్‌సీఈఏ లెవెల్ 3 కాలిక్యులస్ చేస్తోంది.

నూరు డాలర్ల నోటు మీద గీత

మర్నాడు సాయంత్రం అది హాల్లో, నా గది గుమ్మానికి దూరంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. చేతిలో ఎర్రటి నూరు డాలర్ల నోటు. మా గృహప్రవేశానికి ఎవరో కవర్లో పెట్టి ఇచ్చింది, ఖర్చు చేయకుండా దాచాం.

"అమ్మా, ఈయనెవరో తెలుసా?"

తెలియకేం, లార్డ్ రూథర్‌ఫర్డ్. ఈ దేశంలో పుట్టిన మహా శాస్త్రవేత్త. కానీ ఆయన బొమ్మ పక్కనే నోబెల్ పతకం మీదుగా సన్నటి గీతల గ్రాఫు ఒకటి ఉంటుందని ఇన్నేళ్లూ గమనించలేదు. సహజ రేడియోధార్మికత మీద ఆయన చేసిన పరిశోధనల ఫలితాల గ్రాఫు అది. నా ఒంట్లో అప్పుడు జరుగుతున్నదానికి మూలం కరెన్సీ నోటు మీద అచ్చయి ఉందన్నమాట.

ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ 1871లో సౌత్ ఐలాండ్‌లోని నెల్సన్ దగ్గర బ్రైట్‌వాటర్‌లో పుట్టారు. పన్నెండు మంది సంతానంలో నాలుగోవాడు. తండ్రి బండి చక్రాలు చేసేవాడు, తల్లి బడి పంతులమ్మ. స్కాలర్‌షిప్ మీద నెల్సన్ కాలేజీలో, ఆ తర్వాత క్రైస్ట్‌చర్చ్‌లోని కాంటర్‌బరీ కాలేజీలో చదివారు. 1895లో ఇంగ్లండ్ వెళ్లడానికి దొరికిన స్కాలర్‌షిప్ నిజానికి మొదట మక్లారిన్ అనే మరొకరికి వచ్చింది. ఆయన వద్దనుకోవడంతో రూథర్‌ఫర్డ్‌కు దక్కింది.

కేంబ్రిడ్జి నుంచి ఆయన 1898లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ ఓవెన్స్ అనే సహోద్యోగితో కలిసి థోరియం మీద పని మొదలుపెట్టారు. చిత్రమేమిటంటే, గదిలో గాలి కదిలితే చాలు, కొలతలు మారిపోయేవి. థోరియం నుంచి ఏదో వాయువు వస్తోందని రూథర్‌ఫర్డ్ కనిపెట్టారు. ఆ వాయువును విడిగా పట్టి చూస్తే, దాని చురుకుదనం సుమారు నిమిషంలో సగమైపోయింది. ఇంకో నిమిషానికి ఆ సగంలో సగం. మూడో నిమిషానికి అందులో సగం. 1900లో ఆ ఫలితాన్ని ప్రచురించారు. ఆ వాయువును ఇప్పుడు రేడాన్-220 అంటున్నాం. ఈనాటి కొలత ప్రకారం అది సగమవడానికి 55.6 సెకన్లు పడుతుంది.

"ఇందులో గొప్పతనం సగమవడం కాదమ్మా" అంది అమ్మాయి. "ఎంతతో మొదలుపెట్టినా సగమవడానికి పట్టే సమయం ఒక్కటే. గదినిండా ఉన్నా అంతే, చిటికెడున్నా అంతే. అదే అర్ధాయువు."

ఒక్కో పదార్థానికి ఒక్కో అర్ధాయువు. మన కడప జిల్లా తుమ్మలపల్లె గనిలో తవ్వే యురేనియంలో ముఖ్యమైన యురేనియం-238కి దాదాపు 450 కోట్ల ఏళ్లు. నేను మింగిన అయోడిన్-131కి ఎనిమిది రోజులు.

వెనక్కి నడిచే చక్రవడ్డీ

కాగితం మీద అమ్మాయి రాసిన సమీకరణం ఇది.

మిగిలింది = మొదట ఉన్నది × (1/2)^(గడిచిన రోజులు ÷ 8)

నాకిచ్చిన మోతాదు 550 మెగాబెక్వెరెల్. బెక్వెరెల్ అంటే సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నం కావడం. మెగా అంటే పది లక్షలు. అంటే ఆ క్యాప్సూల్‌లో మింగిన క్షణాన సెకనుకు 55 కోట్ల పరమాణువులు విచ్ఛిన్నమవుతున్నాయి. ఎనిమిదో రోజుకు 275 మెగాబెక్వెరెల్. పదహారో రోజుకు 137.5. ఇరవై నాలుగో రోజుకు సుమారు 69. ముప్పై రెండో రోజుకు 34.

లెక్క కనిపిస్తోంది కానీ ఎందుకలా అన్నది బోధపడలేదు. వడ్డీ లెక్కలు తెలిసినదాన్ని కాబట్టి ఆ దారిలోంచే వచ్చింది అమ్మాయి.

"చక్రవడ్డీ ఎలా పెరుగుతుంది? ఉన్న మొత్తం మీద నూటికి ఇంతని. మొత్తం పెరిగితే వడ్డీ పెరుగుతుంది. ఇది దానికి తిరకాసు. ఉన్నదాంట్లోంచి రోజుకు నూటికి ఎనిమిది పైచిలుకు పోతుంది. రేపు మిగిలినదాంట్లోంచి నూటికి ఎనిమిది పైచిలుకు. మొత్తం తగ్గేకొద్దీ పోయేది కూడా తగ్గుతుంది."

కచ్చితంగా చెప్పాలంటే రోజుకు 8.3 శాతం. కాలేజీ లెక్కల్లో దీన్నే 2.718తో మొదలయ్యే 'ఈ' అనే సంఖ్యతో రాస్తారు. 2 సంవర్గమానమైన 0.693ను అర్ధాయువు ఎనిమిదితో భాగిస్తే వచ్చే 0.0866 ఈ క్షీణతకు స్థిరాంకం. రెండు రకాలుగా రాసినా సమీకరణం ఒక్కటే. మనకు సగాల లెక్క తేలిక, కాలిక్యులస్‌కు 'ఈ' తేలిక.

అప్పు రోజు రోజుకీ పెరిగే చక్రవడ్డీకి భయపడుతూ పెరిగినవాళ్లం మనం. అదే లెక్క వెనక్కి నడిస్తే మనిషిని కాపాడుతుందని అప్పుడే అర్థమైంది.

అరవై నాలుగు నాణేలు

పదో రోజుకు చిన్నోడు తలుపు దగ్గరకు రావడం మానేశాడు. ఏడవడమూ మానేశాడు. వాడు ఏడ్చినప్పటికన్నా ఎక్కువ బాధ అప్పుడే వేసింది. వాళ్ల నాన్న పప్పన్నం కలిపి పెడుతుంటే నా గది వంక చూడకుండా తింటున్నాడట.

ఆ రాత్రి అమ్మాయి డబ్బాలోంచి పది సెంట్ల నాణేలు అరవై నాలుగు తీసి, హాల్లో దుప్పటి పరిచి, తమ్ముణ్ణి కూర్చోబెట్టింది. నేను నా గుమ్మంలో, వాళ్లకు నాలుగు మీటర్ల దూరంలో.

ఆట ఇదీ. అన్నీ కలిపి గుమ్మరించాలి. రాణి బొమ్మ పైకి పడ్డవన్నీ తీసేయాలి. మిగిలినవాటిని మళ్లీ గుమ్మరించాలి. ఒక్కో గుమ్మరింపు ఎనిమిది రోజులు.

మొదటిసారికి 35 మిగిలాయి. రెండోసారికి 16. మూడోసారికి 7. "ఏడే ఉన్నాయి!" అని వాడు చప్పట్లు కొట్టాడు. "అమ్మ దగ్గర ఇన్నే మిగిలినప్పుడు నువ్వు వెళ్లి ఎక్కి కూర్చోవచ్చు" అంది అక్క. వాడు ఆ రోజు నావైపు చూశాడు.

ఆ ఆటలో వాడికన్నా నేనే ఎక్కువ నేర్చుకున్నాను. ఏ నాణెం బొమ్మ పడుతుందో ఎవరూ చెప్పలేరు. మూడుసార్లు తప్పించుకున్న నాణేనికి నాలుగోసారి పడే అవకాశం ఎక్కువేమీ కాదు, అదే సగం. పరమాణువులూ అంతే. వాటికి ముసలితనం లేదు. నిన్న విచ్ఛిన్నం కాలేదు కాబట్టి ఇవాళ కావాలన్న నియమం లేదు. ఏ పరమాణువు ఎప్పుడు పోతుందో తెలియకపోయినా, కోట్ల కోట్లు కలిస్తే సగం ఎప్పటికి పోతుందో మాత్రం కచ్చితంగా చెప్పొచ్చు. అరవై నాలుగు నాణేల్లో 32 రావాల్సింది 35 వచ్చింది. పరమాణువుల సంఖ్య అంత పెద్దదైనప్పుడు ఆ తేడా కంటికి కనిపించదు.

ఇరవై ఒకటే ఎందుకు?

అయోడిన్ నా ఒంట్లో రెండు దారుల్లో తగ్గుతోంది. ఒకటి, దానంతట అది విచ్ఛిన్నమవడం. రెండు, ఒళ్లు దాన్ని బయటికి పంపేయడం. గ్రంథి పట్టుకోని అయోడిన్ చాలావరకు మొదటి రెండు రోజుల్లోనే మూత్రంలో పోతుంది. వేరే బాత్రూమ్, నీళ్లు బాగా తాగడం, రెండుసార్లు ఫ్లష్ చేయడం అందుకే. గ్రంథిలో చేరింది కూడా మెల్లగా బయటికి వస్తుంది. అందులో సగం పోవడానికి ఇరవై రోజులు పడుతుందనుకుందాం. రెండు దారులూ కలిస్తే అసలు అర్ధాయువు ఎంత?

8 × 20 ÷ (8 + 20) = 5.7 రోజులు.

రెండు కన్నాలున్న బిందె ఒక్క కన్నం ఉన్నదానికన్నా త్వరగా ఖాళీ అవుతుంది కదా, అదే సంగతి.

ఇప్పుడు ఇరవై ఒక్క రోజులకు లెక్క వేస్తే, గ్రంథిలో చేరినదాంట్లో మిగిలేది సుమారు 8 శాతం. ఇక్కడే మా అమ్మాయి కాలిక్యులస్ అక్కరకొచ్చింది. పక్కవాళ్లకు హాని ఆ ఒక్క రోజు ఎంత ఉందన్నదాన్ని బట్టి కాదు, రోజులన్నిటిలో తగిలినది కలిపి చూడాలి. గ్రాఫులో గీత కింద ఉన్న వైశాల్యం అది. ఘాతీయ క్షీణతలో ఒక చక్కటి గుణం ఉంది. ఇరవై ఒకటో రోజున మిగిలింది 8 శాతమైతే, అప్పటినుంచి చిట్టచివరి దాకా ఇంకా వెలువడబోయేది కూడా మొత్తంలో 8 శాతమే. మిగతా 92 శాతం ఆ మూడు వారాల్లోనే వెలువడిపోయింది. అందులోనూ సగం మొదటి ఆరు రోజుల్లోనే.

ప్రజల్లో ఒకరికి ఇలాంటి మూలాల వల్ల ఏడాదికి ఒక మిల్లీసీవర్ట్ దాటకూడదన్నది అంతర్జాతీయంగా పాటించే పరిమితి. ఒళ్లో కూర్చునే పసివాడికి ఆ హద్దు దాటకుండా ఉండాలంటే ఎన్నాళ్లు ఆగాలో మోతాదును బట్టి, పిల్లల వయసును బట్టి డాక్టర్లు లెక్క కడతారు. పెద్దమ్మాయికి దూరం పాటించాల్సిన రోజులు తక్కువ, చిన్నోడికి ఎక్కువ. దూరం కూడా పని చేస్తుంది. ఒక మీటరు నుంచి రెండు మీటర్లకు జరిగితే తగిలేది దాదాపు నాలుగో వంతు అవుతుంది. నాకు అతికష్టమైన మొదటి వారమే అన్నిటికన్నా ముఖ్యమైన వారమని లెక్క చూశాక తెలిసింది.

ఒక మాట. ఇవి నాకు, నా మోతాదుకు చెప్పిన రోజులు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ చికిత్స జరిగితే మీ ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో ఉన్న రోజులే పాటించండి.

అయిపోవడం అంటూ ఉంటుందా?

ఇదంతా అమ్మకు చెప్పాను. శ్రద్ధగా వింది. ఆ మీదట అసలు ప్రశ్న వేసింది.

"సగం తీస్తే సగం ఉంటుంది. అందులో సగం తీస్తే ఇంకో సగం ఉంటుంది. బెల్లం ముక్క సగం సగం కొరుక్కుంటూ పోతే ఎప్పటికీ అయిపోదుగా! జన్మంతా నీ ఒంట్లో ఉన్నట్టేగా?"

ఈ ప్రశ్న వినగానే పెద్దమ్మాయి కాలిక్యులేటర్ పట్టుకొచ్చింది.

"అమ్మమ్మా, బెల్లమైనా ఎక్కడో ఒకచోట ఆఖరి పలుకు దగ్గర ఆగాలి. పరమాణువును సగం చేయలేం, ఉంటే ఒకటి ఉంటుంది, లేకపోతే లేదు. అమ్మ మింగిన క్యాప్సూల్‌లో అయోడిన్-131 పరమాణువులు సుమారు 550 లక్షల కోట్లు. బరువు చూస్తే గ్రాములో కోటి వంతు కన్నా కాస్త ఎక్కువ. ఆ 550 లక్షల కోట్లు సగం సగం అవుతూ ఒక్కటి మిగలడానికి ఎన్నిసార్లు సగమవ్వాలో చెప్పు."

అమ్మ ఆలోచించి, "లక్షసార్లు?" అంది.

"నలభై తొమ్మిది."

అమ్మ నమ్మలేదు. నేనూ నమ్మలేదు, కాగితం మీద వేసి చూశాను. నిజమే. నలభై తొమ్మిదిసార్లు, ఒక్కోసారికి ఎనిమిది రోజులు. 392 రోజులు. ఒళ్లు బయటికి పంపేది లెక్కలోకి తీసుకోకపోయినా, ఏడాది మీద ఒక నెల గడిచేసరికి 550 లక్షల కోట్లలో మిగిలేది ఒకటో రెండో. పెరిగేటప్పుడు ఎంత వేగమో తగ్గేటప్పుడూ ఘాతాంకానికి అంతే వేగం.

అంతదాకా ఆగక్కర్లేదు కూడా. రేడియోధార్మికత లేని ఒళ్లంటూ ఎవరికీ లేదు. మనం తినే అరటిపళ్లలో, దుంపల్లో, పప్పుల్లో ఉండే పొటాషియంలో కొద్దిపాటి పొటాషియం-40 ఉంటుంది. దాని అర్ధాయువు సుమారు 125 కోట్ల ఏళ్లు. దానివల్ల పెద్దవాళ్ల ఒంట్లో సెకనుకు నాలుగు వేల పైచిలుకు పరమాణువులు ఎప్పుడూ విచ్ఛిన్నమవుతూనే ఉంటాయి. నా 55 కోట్లు ఆ స్థాయికి దిగడానికి పదిహేడు సగాలు చాలు. 136 రోజులు.

"అంటే మైల ఎప్పుడు పోతుందని అడక్కూడదు. ఎప్పటికి మామూలు మనుషులంత అవుతావని అడగాలి" అంది అమ్మ. ఇంత లెక్కనూ ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది.

కాసేపు ఆగి ఇంకో మాట అంది. "మా అత్తగారు నన్ను నెలకు మూడు రోజులు బయట కూర్చోబెట్టేవారు. ఎందుకని అడిగితే అలాగే చేయాలనేవారు. ఇన్నాళ్లకు, ఎందుకో చెప్పి కూర్చోబెట్టిన మైల చూశాను."

విమానంలోనే కరిగిపోయే మందు

న్యూజిలాండ్ అణురహిత దేశం కదా, ఇక్కడ ఇలాంటి మందులెలా అని మా బంధువులు చాలామంది అడిగారు. 1987లో చేసిన చట్టం అణ్వాయుధాలను, అణుశక్తితో నడిచే ఓడలను నిషేధించింది. వైద్యంలో వాడే ఐసోటోపుల మీద నిషేధం లేదు. కానీ ఇక్కడ రియాక్టర్ లేదు కాబట్టి అవి సముద్రం దాటి రావాలి. పక్క దేశంలో, సిడ్నీ శివార్లలోని లూకాస్ హైట్స్‌లో ఉన్న ఓపాల్ రియాక్టర్ వైద్యానికి కావలసిన ఐసోటోపులు తయారు చేస్తుంది.

ఈ సరుకును గోదాములో నిల్వ పెట్టుకోలేం. స్కానింగ్‌లలో ఎక్కువగా వాడే టెక్నీషియం-99ఎమ్ అర్ధాయువు ఆరు గంటలే. ఉదయం ఉన్నది మర్నాడు ఉదయానికి పదహారో వంతు. అందుకే దాన్ని కాకుండా, 66 గంటల అర్ధాయువున్న దాని తల్లి మాలిబ్డినం-99ను పంపిస్తారు. ఆసుపత్రిలో దాని నుంచి రోజూ తాజాగా టెక్నీషియం తీస్తారు, పెరుగు చిలికి వెన్న తీసినట్టు. ఏ మోతాదు మీదైనా ఏ తేదీన, ఏ గంటకు ఎంత ఉంటుందో రాసి ఉంటుంది. అపాయింట్‌మెంట్‌కు ఆలస్యంగా రావొద్దని నాకు రెండుసార్లు ఫోన్ చేసి ఎందుకు చెప్పారో ఇప్పుడు తెలిసింది.

ఎలుక కొరికిన గింజలు

అదే సమీకరణాన్ని వెనక్కి తిప్పితే అది గడియారం అవుతుంది. ఎంత మిగిలిందో తెలిస్తే ఎన్నాళ్లయిందో చెప్పొచ్చు. ఆ పనికి ప్రసిద్ధి చెందిన రాఫ్టర్ రేడియోకార్బన్ ల్యాబ్ మా లోయర్ హట్‌లోనే, గ్రేస్‌ఫీల్డ్‌లో ఉంది. రోజూ ఆ దారినే వెళ్తూ ఏదో ఆఫీసు అనుకున్నాను. అథోల్ రాఫ్టర్ 1950ల మొదట్లో ఆ పని మొదలుపెట్టారు. వెల్లింగ్టన్ దగ్గర గాలిలోని కార్బన్-14ను 1954 నుంచి కొలుస్తూనే ఉన్నారు. ప్రపంచంలో ఇంత పాత రికార్డు మరొకటి లేదు. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 పెరగడమూ, పరీక్షలు ఆగాక తగ్గడమూ అందులో నమోదయ్యాయి.

కార్బన్-14 అర్ధాయువు 5,730 ఏళ్లు. బతికున్నంతకాలం చెట్టూ మనిషీ గాలి నుంచి, తిండి నుంచి దాన్ని తీసుకుంటూనే ఉంటారు. చనిపోయాక కొత్తది చేరదు, ఉన్నది సగాల లెక్కన తగ్గుతుంది.

ఈ దేశానికి మనుషులు ఎప్పుడొచ్చారన్న వాదన ఈ లెక్కతోనే చాలావరకు తేలింది. పాలినీషియన్ నావికుల పడవల్లో కియొరే అనే చిన్న ఎలుక కూడా వచ్చింది. మనుషులు రాకుండా అది రాలేదు. ఆ ఎలుక పళ్ల గాట్లున్న పాత గింజలను ఏరి, కార్బన్-14 పరీక్ష చేస్తే అన్నిటికన్నా పాతవి సుమారు 1280 నాటివని తేలింది. జానెట్ విల్మ్‌షర్స్ట్ బృందం 2008లో ఈ ఫలితాన్ని ప్రచురించింది. 1280 అంటే ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతున్న కాలం. అంత పాత గింజలో కూడా కార్బన్-14 ఇంకా 91 శాతం ఉంటుంది. తగ్గిన ఆ తొమ్మిది శాతాన్ని కొలిచి, చెట్ల వలయాలతో సరిచూసి, కాలం చెబుతారు.

బ్రైట్‌వాటర్ నుంచి గొరగనమూడి దాకా

ఇరవై రెండో రోజు పొద్దున నేను తలుపు తీసి హాల్లోకి వచ్చాను. చిన్నోడు సోఫా మీద కూర్చుని నన్నే చూశాడు. రాలేదు. "ఏడు నాణేలేనా?" అని అక్కను అడిగాడు. "ఏడు కూడా లేవురా, ఐదే" అంది అది. వాడు మెల్లగా దిగి వచ్చి నా ఒళ్లో తల పెట్టాడు. ఆ రోజు వాడు స్నానానికి కూడా లేవలేదు.

సెప్టెంబరు చివర బడి సెలవులకు అందరం ఫెర్రీ ఎక్కాం. వెల్లింగ్టన్ నుంచి పిక్టన్‌కు మూడున్నర గంటలు. అక్కడి నుంచి కారులో, రూథర్‌ఫర్డ్ చిన్నప్పుడు చదువుకున్న హేవ్‌లాక్ మీదుగా నెల్సన్, అది దాటాక బ్రైట్‌వాటర్. ఆయన పుట్టిన చోట గుండ్రంగా చుట్టు తిరుగుతూ పైకెక్కే మట్టి దిబ్బ, దాని మీద చిన్న పిల్లాడిగా రూథర్‌ఫర్డ్ విగ్రహం. నోబెల్ పొందిన పెద్దమనిషి కాదు, పల్లెటూరి పిల్లాడు. మా వాడు ఆ దిబ్బ మీద పైకీ కిందకీ పరుగెత్తాడు.

అక్కడి నుంచి అమ్మకు వీడియో కాల్ చేసి చూపించాను. "ఈయన శిష్యుల్లో ఒకాయన దగ్గర మన గొరగనమూడి ఆయన పనిచేశారే" అంది. ఇంటికొచ్చాక చదివితే నిజమేనని తేలింది. రూథర్‌ఫర్డ్ శిష్యుడు జేమ్స్ చాడ్విక్, 1932లో న్యూట్రాన్‌ను కనిపెట్టినవారు. ఆ చాడ్విక్ లివర్‌పూల్‌లో ఉన్న రోజుల్లో ఆయన దగ్గర బీటా కిరణాల మీద పరిశోధన చేసినవారు స్వామి జ్ఞానానంద. 1896లో పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టారు. స్వదేశం తిరిగొచ్చాక విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతిక శాస్త్ర పరిశోధనకు పునాది వేశారు. అక్కడి ప్రయోగశాలలకు ఆయన పేరే పెట్టారు. మా పుట్టింటికీ, నేను స్థిరపడ్డ దేశానికీ ఇలాంటి బంధుత్వం ఒకటుందని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

సంక్రాంతికి ఊరెళ్లాం. ఈ చికిత్స తీసుకున్నవాళ్లను కొన్ని వారాల తర్వాత కూడా విమానాశ్రయాల్లోని రేడియేషన్ డిటెక్టర్లు గుర్తుపట్టగలవు. అందుకే ఆసుపత్రి లేఖ వెంట పెట్టుకోమంటారు. నేను ఆ లేఖను హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. క్యాప్సూల్ మింగి అప్పటికి రెండు వందల రోజులు. అంటే ఇరవై ఐదు సగాలు. సెకనుకు 55 కోట్లు ఉన్నది పదహారుకు దిగింది. ఆక్లాండ్‌లో ఏ డిటెక్టరూ మోగలేదు. హైదరాబాద్‌లోనూ మోగలేదు.

గుమ్మంలోనే అమ్మ ఎదురొచ్చింది. "ఇంకెంత మిగిలిందే?" అని అడిగింది, నవ్వుతూ. చెప్పబోయేలోపే దగ్గరికి తీసుకుంది.